నాయనమ్మ చీర కొంగు, హాలు గోడ

ప్రశ్న: మా నాయనమ్మగారి వెంకటగిరి జాందానీ చీర కొంగునూ, ఒక శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్నీ ఫ్రేము కట్టించి, కొత్త ఇంటి హాల్లో పడమటి కిటికీకి ఎదురుగోడ మీద పెట్టాలనుకుంటున్నాము. సలహా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ గోడ వద్దమ్మా. సాయంత్రపు ఎండ నేరుగా తగిలే చోట, కరక్కాయ, నీలిమందు వంటి సహజమైన రంగులతో తీర్చిన కలంకారీ కొన్నేళ్లకే వెలిసిపోతుంది. పోయిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. కిటికీ ఉన్న గోడకే, దానికి పక్కగా, ఫ్రేము నడిమిభాగం నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉండేలా పెట్టించండి.

కొంగును మాత్రం దయచేసి కత్తిరించకండి. ఒకసారి తిరగేసి చూడండి: నేతగాడు మగ్గం మీద ఒక్కొక్క పోగునూ చేత్తో చొప్పించి బుటాను నేస్తాడు కాబట్టి, వెనుకవైపు కూడా అది దాదాపు అంతే శుభ్రంగా కనిపిస్తుంది. అంతటి పనితనానికి కత్తెర పెట్టడానికి నాకు మనసొప్పదు. మిగతా చీరను వెనక్కి మడిచి, ఉతికిన నూలుగుడ్డ మీద సన్నని దారంతో వదులుగా కుట్టించండి. జిగురుతో అట్టకు అంటిస్తామంటే ఒప్పుకోకండి. అద్దానికీ బట్టకూ మధ్య పావు అంగుళం ఖాళీ ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు మన తీరంలో గోడలు చెమ్మగిల్లుతాయి కనుక, ఫ్రేము వెనుక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి. హాలుకు కొంగు ఒక్కటే చాలు. కలంకారీని ఎండ పడని పడకగదిలో పెట్టుకోండి.