నర్సమ్మను అడగండి

ముప్పై ఏళ్ళు ఏజెన్సీలో ఏఎన్ఎంగా చేశాను. పుట్టింది చోడవరం పక్క. రెండేళ్ళలో బదిలీ చేయించుకుని దిగిపోదామనుకుని 1991లో కొండెక్కాను. 2021లో రిటైరయ్యాక కూడా హుకుంపేట మండలంలోని ఈ 42 గడపల ఊళ్ళోనే ఉండిపోయాను. ఈసారి ఉత్తరాల్లో ఇరుగుపొరుగు గురించి అడిగినవే తీశాను. జ్వరాలు, మోకాళ్ళ నొప్పుల సంగతి వచ్చే నెల.

ప్రశ్న: డిసెంబరులో అరకు వచ్చాం. రోడ్డు పక్క పసుపుపచ్చగా విరగబూసిన వలిసె తోటలో ఫొటోలు దిగుతుంటే ఒకావిడ వచ్చి మనిషికి 20 రూపాయలు ఇమ్మంది. నలుగురం 80 ఇచ్చాం. డబ్బు గురించి కాదు. కొండవాళ్ళు అమాయకులని విన్నాం. టూరిస్టులు వెళ్ళి వాళ్ళనూ మార్చేశారా?
*– ఒక పాఠకురాలు, హైదరాబాద్*

అమ్మా, ఆ 'అమాయకులు' అనే మాటతో నాకు పేచీ ఉంది. ఇన్నేళ్ళలో కొండ మీద లెక్క తెలియని మనిషి నాకు తగల్లేదు. చదువు రాని వాళ్ళు బోలెడుమంది తగిలారు. అది వేరు.

ముందుగా, అది తోట కాదు, చేను. వలిసెలు పూల కోసం వెయ్యరు, నూనె గింజ అది. పువ్వు వాడి, గింజ కట్టాక కోసి, ఎండబెట్టి, కొట్టి, చెరిగి సంతకు మోస్తారు. మీరు నిలబడినచోట మొక్క పడుకుంటుంది, మళ్ళీ లేవదు. మా పక్కింటి పెద్దమ్మ చేను సరిగ్గా రోడ్డు వారనే. మూడేళ్ళ కిందట పెళ్ళి ఫొటోల వాళ్ళు వచ్చి చేను నడిమధ్య మంచం వేశారు. నిజంగా మంచమే, పందిరి పట్టె మంచం, వ్యానులో తెచ్చుకున్నారు. ఆ మర్నాడే ఆవిడ వెదురు దడి కట్టి, లోపలికి ఒకే ఒక తోవ వదిలి, తోవ మొదట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. సీజను అయ్యాక చిల్లర డబ్బా నా దగ్గరకు తెచ్చి లెక్కపెట్టించి, "నర్సమ్మా, గింజ అమ్మితే ఎంతొచ్చిందో చూశాను, మనుషులు నిలబడితే ఎంతొచ్చిందో చూశాను. వచ్చే ఏడు తోవ ఇంకో బార వెడల్పు చేస్తాను" అంది.

తేనెటీగల దగ్గర మాత్రం ఏమీ తీసుకోవడం లేదు.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మీ వైపు ఒక ఎకరం కాఫీ తోట కొనుక్కుని ప్రశాంతంగా ఉందామని ఆశ. మీరూ మైదానం నుంచి వెళ్ళి స్థిరపడినవారే కదా, మీరెలా కొన్నారు?
*– ఒక పాఠకుడు, విశాఖపట్నం*

నేను కొనలేదండీ. 1991 నుంచి అద్దె ఇల్లే. అప్పుడు నెలకు 60, ఇప్పుడు 900.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళడానికి లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో ఇంకా బిగించారు. అందుకే ఇక్కడ చిన్నపిల్లలు కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. గిరిజనుడి దగ్గర కొనడమే కాదు, ఇక్కడున్న ఒక గిరిజనేతరుడి దగ్గర ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. "ఇక్కడి మనిషి పేరు మీద రాయిద్దాం, తోట మీరు చూసుకోండి" అని చెప్పే బ్రోకర్లు మీకు తప్పకుండా తగులుతారు. ఆ కాగితం నిలవదు. మీరిచ్చిన డబ్బు తిరిగి రాదు. బ్యాంకులో చేసినవారు, ఇంతకంటే నేను చెప్పేదేముంది.

మా ఇంటి ఓనరు ప్రతి సంక్రాంతికీ నాకు చీర పెట్టి "ఈ ఇల్లు నీదే నర్సమ్మా" అంటాడు. నెల మొదట్లో అద్దెకూ వస్తాడు. రెండుసార్లూ మనస్ఫూర్తిగానే వస్తాడు. మీకు ప్రశాంతత కావాలంటే గది అద్దెకు తీసుకుని చలికాలం గడిపి వెళ్ళండి. రెండు కంబళ్ళు తెచ్చుకోండి, ఒకటి చాలదు.

ప్రశ్న: ముంచింగిపుట్టు మండలంలో టీచర్‌గా చేరి ఐదు నెలలైంది. పక్కింటావిడ రోజు విడిచి రోజు గడపలో ఏదో ఒకటి పెట్టి వెళ్ళేది. చిక్కుళ్ళు, అల్లం, ఒకరోజు గుడ్లు. బుట్టెడు రాజ్‌మా తెచ్చినప్పుడు మొహమాటం వేసి 200 రూపాయలు చేతిలో పెట్టాను. తీసుకుంది. అప్పటినుంచి ఏమీ తేవడం లేదు. పలకరిస్తే తల ఊపి వెళ్ళిపోతుంది. టెన్షన్‌గా ఉంది. తప్పు చేశానా?
*– పేరు వద్దన్న పాఠకురాలు*

చేశావు తల్లీ. నేనూ చేశాను. కంగారు పడకు.

నేను వచ్చిన మొదటి ఏడాది ఒకామెకు పురుడు పోశాను. నెల తిరిగాక ఆమె ఆనపకాయ బుర్ర నిండా తేనె తెచ్చింది. నాకు మైదానం బుద్ధి, ఊరికే తీసుకోకూడదని డబ్బిచ్చాను. ఆమె మారు మాట్లాడకుండా తీసుకుని వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే ఇంకో సోలెడు తేనెతో గుమ్మంలో నిలబడింది. ఎందుకంటే, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో తేనెకు ఇచ్చే ధర ప్రకారం నేనిచ్చిన డబ్బుకి ఇంకో సోలెడు రావాలట. పోసేసి, "లెక్క సరిపోయింది" అని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆరు నెలలు మా ఇద్దరి మధ్యా ఏ వస్తువూ అటూ ఇటూ కదల్లేదు. కదలడానికి ఏముంది, నేనే అమ్మకం చేసి మూసేశాను కదా.

ఆ 200 మళ్ళీ అడక్కు, దాని ఊసే ఎత్తకు. సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చేటప్పుడు ఎండు చేపలు పట్టుకెళ్ళు. సంతలో ఎండు చేపల దుకాణాల ముందు ఎంతమంది ఉంటారో చూసే ఉంటావు. అరకేజీ చాలు. రెండు కేజీలు తీసుకెళ్ళావంటే ఆమె మీద బరువు పెట్టినట్టు, మళ్ళీ దానికి సరిపడా ఏం తేవాలా అని ఆమె రాత్రంతా ఆలోచించాలి. "అమ్మ పంపింది" అని చెప్పు. మీ అమ్మ పంపకపోయినా సరే.

ఇంకో దారి కాఫీ పళ్ళ కోత. కొమ్మ మీద పళ్ళన్నీ ఒకేసారి ఎరుపెక్కవు, నవంబరు నుంచి మూడు నాలుగు విడతలుగా కోయాలి. మా ఊళ్ళో ఎవరూ ఒక్కరే కోసుకోరు. ఇవాళ పదిమంది నీ తోటలో, రేపు నువ్వు వాళ్ళ తోటలో. ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీయో పుస్తకంలో ఎక్కడా ఉండదు, అందరి బుర్రల్లోనూ ఉంటుంది. ఒక ఆదివారం బుట్ట తీసుకుని ఆమె వెనకాల వెళ్ళు. అడక్కుండా వెళ్ళు. నేను మొదటిసారి వెళ్ళి ఒంటిపూట నడుం విరిగేలా కోస్తే, సాయంత్రం లెక్కల్లో "నర్సమ్మది పావు రోజు" అన్నారు నా మొహం మీదే. పచ్చికాయలు కూడా తెంపేశానట. ఆ పావు రోజు మాత్రం వాళ్ళు తీర్చారు. మరుసటి వారం మా ఇంటి చూరు సర్దడానికి ఒక కుర్రాడు వచ్చి, పావు రోజు పని చేసి, సగంలో దిగిపోయాడు.

ప్రశ్న: ఏప్రిల్‌లో పాడేరు దాటాక ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ కారు ఆపారు. 50 రూపాయలు ఇస్తేగానీ వదల్లేదు. ఇది మామూళ్ళ వసూలు కాదా?
*– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం*

అది ఇటుకల పండగ నాయనా. చైత్రంలో విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్ళు వేటకు పోతారు, రోడ్డు ఆడవాళ్ళది అవుతుంది. ఉత్తి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు చల్లుతారు. ఇప్పుడు వేటకు చట్టం ఒప్పుకోదు, అడవిలో జంతువులూ లేవు, మా ఊరి మగవాళ్ళు కొండ మీద ఒక తిరుగుడు తిరిగి దిగుతారు. పేడనీళ్ళు మాత్రం ఎప్పటిలాగే తయారుగా ఉంటాయి. మీరు 50తో బయటపడ్డారు.

ప్రశ్న: చిన్న ఊళ్ళలో అందరూ ఒకే కుటుంబంలా ఉంటారంటారు. పేపర్లో డోలీ మోసే ఫొటోలు చూస్తే నిజమే అనిపిస్తుంది. మీ ఊళ్ళో గొడవలే ఉండవా?
*– ఒక పాఠకురాలు, అనకాపల్లి*

ఉండకపోవడమేమిటమ్మా. ప్రస్తుతం నడుస్తున్నవి ఐదు. ఊట గెడ్డ (వాగు) నుంచి వచ్చే గ్రావిటీ నీళ్ళ పైపు ఎవరు విరిచారన్నది ఒకటి. జీలుగు చెట్టు కల్లులో అన్నదమ్ముల వాటా ఒకటి. సెల్‌ఫోను సిగ్నల్ వచ్చే బండరాయి దగ్గర ఒకామె మాట్లాడుకున్నది ఊరంతా పాకిందని ఒకటి. (అక్కడ మాట్లాడితే పాకదా మరి! ఇంకెక్కడా సిగ్నల్ లేదు, వెనక నలుగురు వరసలో నిలబడి ఉంటారు.) కోడి గొడవ ఒకటి, అది చెప్పుకునేంత లేదు. ఐదోది సిల్వర్ ఓక్ చెట్టు గొడవ. దాని వయసు పదేళ్ళు దాటింది.

ఎగువింటికీ దిగువింటికీ కాఫీ తోటలు ఆనుకుని ఉన్నాయి. నీడకి వేసిన సిల్వర్ ఓక్‌లలో ఒక చెట్టు రెండు తోటలకూ హద్దు. దాని మీదికి మిరియం తీగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ చెట్టును వేళ్ళతో సహా పెకిలించేసింది. ఊళ్ళో నీడ చెట్లు సగం పడిపోయి, కింద కాఫీ మొక్కలు ఎండకి మాడిపోయిన రోజులవి. ఎవరికీ ఏడుపు తప్ప హద్దు గుర్తుకు రాలేదు. వానలకు గొయ్యి పూడుకుపోయాక గుర్తొచ్చింది. చెట్టు ఇక్కడుండేదని ఈయన, కాదు గజం అవతల అని ఆయన. వరసకు బావా బావమరుదులు. మాటలు ఆగిపోయాయి.

మూడేళ్ళ తరవాత వానాకాలంలో, ఒక రాత్రి ఎగువింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. తేదీ ఇంకా పది రోజులుందని నేనే అన్నాను, నా లెక్క తప్పింది. అప్పటికి మా ఊరికి రోడ్డు లేదు. 108 వచ్చేచోటికి నాలుగు కిలోమీటర్లు దిగాలి, మధ్యలో గెడ్డ దాటాలి. డోలీ అంటే దుప్పటిని కర్రకు కట్టి భుజాల మీద మొయ్యడం. భుజాలు మార్చుకోవడానికి మనుషులు కావాలి. కుర్రాళ్ళు చాలామంది పనులకు కిందికి వెళ్ళి ఉన్నారు. ఎవరూ పిలవకుండానే దిగువింటి మావ వచ్చి వెనక కర్ర కింద భుజం పెట్టాడు. ముందు ఎగువింటాయన. నేను టార్చిలైటు పట్టుకుని పక్కన.

గెడ్డలో నీళ్ళు మోకాళ్ళ పైకి ఉన్నాయి. మూడేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు నేను విన్నాను. "రాయి." "ఏ పక్క?" "ఎడమ." "ఆగు." "పద." అంతే. రోడ్డెక్కాక, అంబులెన్సు రాకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఇక్కడితో ఆపితే పేపర్లో ఫొటోలా బాగుంటుంది. వారం తిరక్కుండా పెద్దల ముందు మళ్ళీ హద్దు పంచాయితీ. "డోలీ మోశాను కదా, గజం వదిలెయ్ అంటారేమో, వదలను" అని దిగువింటాయన. "మొయ్యమని నేను పిలిచానా" అని ఎగువింటాయన. పెద్దలు విసిగిపోయి గొయ్యి ఉన్నచోట కొత్త మొక్క నాటమన్నారు. గొయ్యి ఎక్కడో తేలక ఎవరికి తోచినచోట వాళ్ళు నాటారు, గజంన్నర ఎడంగా రెండు సిల్వర్ ఓక్‌లు. ఇప్పుడు రెండూ తాటిచెట్టంత అయ్యాయి, రెండింటి మీదా మిరియం పాకింది. మధ్య జాగాలో వాటంతట అవే మొలిచిన రెండు కాఫీ మొక్కల పళ్ళు ఎవరూ కొయ్యరు, రాలిపోతాయి. పోనీ నేను కోసుకుంటానంటే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు.

ఎగువింటి కోడలిని రెండో కాన్పుకి నెల ముందే పాడేరులో గర్భిణుల వసతి గృహానికి పంపించాను. ఫొటోలో కనపడదు గానీ, ఆ రాత్రి కర్ర ఒత్తుకుని కమిలిన భుజాలకు పదిహేను రోజులు మందు రాసింది నేనే. మా ఊరికి ఇప్పుడు మట్టి రోడ్డు పడింది. పై కొండ ఊళ్ళకు ఇంకా డోలీయే.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. అరకు కాఫీ ప్యాకెట్ కొన్నప్పుడల్లా మీ జవాబులు గుర్తొస్తాయి. పండే ఊళ్ళో ఆ కాఫీ రుచి ఎలా ఉంటుందో చెప్పరూ?
*– ఒక పాఠకుడు, డల్లాస్*

బాబూ, మా ఊళ్ళో టీ తాగుతాం.

పళ్ళు కోసి, తోలు తీసి, కడిగి, వాకిట్లో ఎండబెట్టి, కోళ్ళు తొక్కకుండా ముసలివాళ్ళు కర్ర పట్టుకుని కాపలా కాసి, మూట కట్టి జీసీసీకో షావుకారుకో ఇచ్చేస్తారు. ఇంట్లో వేయించి పొడి కొట్టుకునే అలవాటు లేదు. మా ఇంటి ఓనరు కొడుకు ఒకసారి విశాఖ నుంచి ప్యాకెట్ తెచ్చాడు. నేనే డికాషన్ దించి, పాలు కాచి అందరికీ తలో గ్లాసు ఇచ్చాను. పిల్లలు చక్కెర కోసం తాగారు. వలిసె చేను పెద్దమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, దీని మీద ధర ఎంత రాసుందో చదవమంది. చదివాను. ఎన్ని గ్రాములో చదవమంది. అదీ చదివాను. ఆరు కిలోల పళ్ళు కోస్తే సుమారుగా కిలో గింజ తేలుతుందని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేళ్ళు ముడుస్తూ చాలాసేపు కూర్చుంది.

పొడి అయిపోయాక ఖాళీ కవరు పారెయ్యొద్దు, తనకిమ్మంది. దులిపి, మడత పెట్టి, రైక లోపల పెట్టుకుంది. షావుకారు వచ్చినప్పుడు చూపించాలట.