గుంటూరు వైపు నల్లరేగడిలో ఇంటికోసం ప్లాట్ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ పునాది ఖర్చు కలుపుకుని బేరమాడండి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలు బీటలు తీసేది అందుకే. మే నెలలో వెళ్లి నెర్రెల్లో పుల్ల దింపి చూడండి, ఎంత లోతో తెలుస్తుంది. పక్కిళ్లలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లున్నాయా? పైన ఎర్రమట్టి తోలి చదును చేసి ఉంటే (రియల్టర్లకు ఇది మామూలే) గొయ్యి తీయించండి.

అడ్వాన్స్ ఇవ్వకముందే సాయిల్ టెస్ట్ చేయించి ‘ఫ్రీ స్వెల్’ (నీళ్లలో మట్టి ఎంత శాతం ఉబ్బుతుందో చెప్పే లెక్క) ఎంతో అడగండి. 50 శాతం దాటితే బాగా ఉబ్బే నేల. అలాంటిచోట అడుగున లావుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలను (అండర్ రీమ్డ్ పైల్స్) తేమ పెద్దగా మారని లోతుకు దింపుతారు. గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు చెరువుగానో కుంటగానో ఉంటే మాత్రం బేరమే వద్దు.