వైఫై కనిపించకపోతే కార్డు మార్చేయకండి

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో ఉంటూ డిగ్రీ చదువుతున్నాను. అన్నయ్య వాడిన పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కదని తెలిసి, విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. అన్నీ బాగున్నాయి గానీ వైఫై అసలు కనబడటం లేదు. షాపులో కార్డు మార్చాలన్నారు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే డబ్బులు పెట్టకండి. విండోస్‌లో నిన్నటిదాకా పనిచేసిన కార్డు ఒక్కరోజులో పాడైపోవడం అరుదు. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి మీరు మారడం మంచి పనే. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

చాలా హార్డ్‌వేర్‌కు కావాల్సిన డ్రైవర్లు (పరికరాలను నడిపించే ప్రోగ్రాములు) లైనక్స్ కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ మూలభాగంలోనే ఉంటాయి. ఇంటెల్ వైఫై సాధారణంగా వెంటనే పనిచేసేది అందుకే. బ్రాడ్‌కామ్ చిప్‌లు కొన్నింటికి మాత్రం ఆ కంపెనీ డ్రైవర్‌ను విడిగా వేయాలి. మీది ఏదో తెలియాలంటే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) ఎల్ఎస్‌పీసీఐ (lspci) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైన్‌లో కంపెనీ పేరు ఉంటుంది.

వైఫై లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలని టెన్షన్ పడొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది. రాకపోతే కేబుల్ మార్చి చూడండి, కొన్ని చవక కేబుళ్లు ఛార్జింగ్‌కు తప్ప పనికిరావు. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సూచించిన డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి.

సెక్యూర్ బూట్ (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే మాత్రం జాగ్రత్త. డ్రైవర్ వేసేటప్పుడు ఓ పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. చాలామంది కంగారుపడి కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, దాంతో డ్రైవర్ లోడ్ కాదు. అక్కడ కొత్త డ్రైవర్‌ను నమ్మమని చెప్పే ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK) ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ కొట్టాలి.

కొత్తగా లైనక్స్ వేయబోయేవాళ్లకు నా గట్టి సలహా: ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, స్పీకర్, కెమెరా, బ్లూటూత్, మూత మూసి తెరిచాక తెర వెలగడం, అన్నీ అక్కడే తేలిపోతాయి. విండోస్‌ను కూడా ఉంచుకునేవాళ్లు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ రాసి పెట్టుకోకుండా మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: మాది చిత్తూరు. లైనక్స్‌లో ల్యాప్‌టాప్ వేలిముద్ర సెన్సర్ పనిచేస్తుందా?

జవాబు: అన్నీ పనిచేయవు. లైనక్స్‌లో వేలిముద్ర సెన్సర్లను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే లిబ్‌ఎఫ్‌ప్రింట్ ప్రాజెక్టు తను గుర్తించే సెన్సర్ల జాబితా ఇస్తుంది. మీ సెన్సర్ నంబరు అందులో లేకపోతే పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవ్వండి. దానికోసం లైనక్స్ మానుకోనక్కర్లేదు.