పాత సిస్టమ్‌ని అటకెక్కించే ముందు

చి. రవికి, మామయ్య ఆశీస్సులు.

ప్రెస్ చేతికి రాగానే ఆ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ డబ్బాని తీసి పారేస్తానని మీ అమ్మతో అన్నావట. తీసెయ్యాల్సిందే. కానీ అది ఇన్నేళ్లు ఎందుకు కదల్లేదో తెలుసుకోకుండా తీశావంటే, నెల తిరక్కుండా దుమ్ము దులిపి మళ్లీ టేబుల్ ఎక్కిస్తావు. నేను రెండుసార్లు ఆ పని చేశాను.

మామయ్య పిసినారి కాబట్టి మార్చలేదని అందరూ అంటారు. కొంత నిజమే అనుకో. కానీ కొత్త సిస్టమ్ ధర ఒక సీజన్ శుభలేఖల్లో వచ్చేస్తుంది. కదలనివ్వనిది దాని వెనక పెట్టిన డాంగిల్, అంటే సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవి లాంటి చిన్న ముక్క. ఫాంట్ల ప్యాకేజీ అది లేకపోతే తెరుచుకోదు. దానికి పాత ప్రింటర్లు తగిలించే ప్యారలల్ పోర్టు కావాలి, కొత్త బోర్డుల్లో ఆ పోర్టే రావడం లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చి చూశాను. ప్రింటర్ పలికింది, డాంగిల్ పలకలేదు. స్కానర్ డ్రైవర్ కూడా ఎక్స్‌పీతోనే ఆగిపోయింది. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్లోనే సపోర్ట్ ఆపేసింది. అందుకే దానికి నెట్ ఇవ్వలేదు. నెట్ లేదు కనుక వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ పెన్‌డ్రైవ్‌లో మోయడం.

అలా మోసినా లాభం లేదని నీకూ తెలుసు. ఫోన్లో వచ్చేది యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే నంబరు ఉండే పద్ధతి. మనం పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ రాదు. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. 1991లోనే తెలుగుకి యూనికోడ్‌లో చోటు దొరికినా, కంప్యూటర్లో పేజీలు కట్టే మన డీటీపీ వాళ్లం ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు దూర్చిన ఫాంట్లతోనే బతికాం. తెర మీద ‘క’ కనిపిస్తుంది, ఫైల్లో ఉన్నది వేరే గుర్తు. అందుకే ఇరవై ఏళ్ల మ్యాటర్‌లో ఒక్క ఇంటిపేరు వెతకాలన్నా మన వల్ల కాదు. కొత్త ఫాంట్లు తేకపోవడం అమ్మేవాళ్ల తప్పా, అడగకపోవడం మన తప్పా అంటే చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే. మనం పేజ్‌మేకర్ వదల్లేదు కాబట్టి వాళ్లు దానికి పనికొచ్చేవే అమ్మారు, అవి దొరికాయి కాబట్టి మనం వదల్లేదు.

ఇప్పుడు పని చెబుతాను. ముందు ఆ పాతరకం ఐడీఈ హార్డ్‌డిస్క్‌ని కాపీ తీయించు, కొత్త సిస్టమ్ తర్వాత కొనొచ్చు. ఒక మాఘంలో, ముహూర్తాల మధ్య, ఇంకో డిస్క్ చచ్చి పన్నెండేళ్ల కార్డుల మోడళ్లు పోయాయి. ఆ టెన్షన్ నీకొద్దు. పాత సిస్టమ్ బతికుండగానే ముఖ్యమైన ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకో, ఫాంట్ పోయినా రూపం మిగులుతుంది. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవవు, సీఎస్6 వెర్షన్‌తో ఆ సౌకర్యం ఆగిపోయింది. పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌లోకి కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌తో మార్చిన మ్యాటర్‌కి ప్రూఫ్ చూడకుండా ప్లేటు వేయకు. వత్తులు తారుమారవుతాయి. పెళ్లికూతురి పేరులో వత్తు పోతే వాళ్లు మన గుమ్మం తొక్కరు.

ఇన్‌డిజైన్‌లో మన లిపుల్ని సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవడం మర్చిపోకు, లేకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కార్డులకి అవి చాలవని నా అభిప్రాయం, మన పాత ఫాంట్ల సొగసు వాటికి లేదు. సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనేటట్టయితే ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ కంటే కిందది తీసుకోకు. విండోస్ 11 ఒప్పుకోదు, 10కేమో 2025 అక్టోబరులో మామూలు సపోర్ట్ అయిపోయింది.

మన టైపింగ్ చూసే వెంకటేశ్వర్లు గారి విషయం జాగ్రత్త. ఆయన వేళ్లకి ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ తప్ప వేరేది రాదు. అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్ పెట్టివ్వు. ఆయన చెయ్యి ఆగితే ప్రెస్సే ఆగుతుంది. ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీబోర్డు నేర్చుకోమని మాత్రం అడక్కు.

ఇదంతా ఆషాఢంలో పెట్టుకో, కార్డుల పని ఉండదు. శ్రావణం దాకా రెండూ పక్కపక్కనే నడవనీ. డాంగిల్ పిన్ను ఒకటి వంగి ఉంది, పీకేటప్పుడు మెల్లిగా.

మీ మామయ్య