నాన్న సంగతి తర్వాత, ముందు అమ్మతో మాట్లాడు

"నేను నర్సింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మద్యపాన వ్యసనం గురించి లోతుగా తెలుసుకోవాలని నాకు వ్యక్తిగతంగా ఆసక్తి. మా నాన్న నా చిన్నప్పటి నుంచీ తాగుతారు, ఇప్పుడు రోజూ. ఆఫీసు నుంచి ఎవరైనా అడిగితే జ్వరమని అమ్మ చెబుతుంది. రాత్రి నాకు ఫోన్ చేసి, 'నీ మాటయితే వింటారు, నువ్వు చెప్పు' అని ఆయన చేతికిస్తుంది. పోయిన సెలవుల్లో సీసాలన్నీ పారబోశాను. మర్నాటికి నాన్న చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. చూడలేక అమ్మే మళ్లీ తెప్పించింది. నాకు అమ్మ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఎవరో చెప్పారని డైసల్ఫిరామ్ బిళ్ళలు తెచ్చి, నాన్నకు తెలియకుండా తిండిలో ఎంత కలపాలో చెప్పమంటోంది. ఈ జబ్బు అర్థం కావాలంటే ఏం చదవాలి? సైకియాట్రిక్ నర్సింగ్ తీసుకుంటే నాన్నను మార్చుకోగలనా?"

ముందు ఆ బిళ్ళల సంగతి చూడు. ఇది చదవగానే అమ్మకు ఫోన్ చేసి ఒక్కటి కూడా కలపవద్దని చెప్పు. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా కాలేయం దాన్ని వెంటనే వదిలించేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ పనిని ఆపేస్తుంది. అంటే బిళ్ళ పడ్డాక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు పట్టుకుని, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ప్రాణం మీదికే రావచ్చు. చివరి బిళ్ళ వేసుకున్నాక రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టరు పరీక్ష చేసి, మనిషికి అంతా చెప్పి, అతను ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు ఇది. మీ నాన్నకు తెలియదు కాబట్టి సాయంత్రం ఎప్పటిలాగే తాగుతారు. ఏదైనా జరిగితే మోతాదు చెప్పింది నువ్వే అన్న మాట జన్మంతా నిన్ను వదలదు.

ఏం చదవాలన్న ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టను. నీ సైకియాట్రిక్ నర్సింగ్ పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం ఉంది, చక్కగా చదువుకో. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది. అది ఈ జబ్బుకు 11 లక్షణాలు చెప్పింది. ఏడాది వ్యవధిలో రెండు కనబడితే జబ్బు ఉన్నట్టే, ఆరు లేదా అంతకు మించితే తీవ్రమైనట్టు. మీ నాన్నకు ఎన్ని ఉన్నాయో నువ్వు ఈపాటికే లెక్క వేసి ఉంటావు. పుస్తకం దొరక్క నువ్వు నాకు రాయలేదు తల్లీ.

నీ ఉత్తరం మళ్లీ చదువు. తాగేది నాన్న. కానీ అబద్ధం చెప్పింది, ఫోన్ చేసింది, సీసా తెప్పించింది, బిళ్ళలు తెచ్చింది అమ్మ. నీ కోపం కూడా అమ్మ మీదే. నాన్నను ఎలా మార్చాలని అడుగుతున్నావు గానీ, అమ్మకు కాదని ఎలా చెప్పాలో తెలియకే నలిగిపోతున్నావు.

ఆ సీసా విషయంలో మాత్రం అమ్మ మీద కోపం వదిలెయ్. రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తును తట్టుకోవడానికి తనను తాను ఎక్కువ ఉద్రేకంలో ఉంచుకోవడం అలవాటు చేసుకుంటుంది. తాగుడు ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు తర్వాత డెలీరియం ట్రెమెన్స్ వస్తే మనుషులను గుర్తుపట్టరు, లేనివి కనిపిస్తాయి, ప్రాణాలు కూడా పోవచ్చు. ఆ ఉదయం నువ్వు చూసింది దాని మొదటి మెట్టు. ఆయన్ని అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది. అది జరగనప్పుడు, ఏమీ చేయకుండా ఇంట్లో వదిలెయ్యడం కంటే అమ్మ చేసిందే తక్కువ ప్రమాదం. మాన్పించాలంటే ఆస్పత్రిలో ఆ వణుకూ ఫిట్సూ రాకుండా మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తూ, మనిషిని కనిపెట్టుకుని చేయాలి. ఇకమీద సీసాలు పారబోయకు.

అలాగని అమ్మ చేస్తున్నదంతా సరైనదని నేను అనను. భర్త తాగుడును లోకం నుంచి దాచడంలోనే ఆమె వయసంతా గడిచిపోయింది. ఎవరికీ చెప్పుకోలేక, నర్సింగ్‌లో చేరిన కూతురు కనబడగానే ఆ బరువంతా నీ మీద పెట్టేసింది. ఆమె పరిస్థితికి నాకు జాలే. కానీ భర్తను దారిలో పెట్టే పని కూతురికి అప్పగించడం తప్పు, ఆ మాట ఎక్కడైనా అంటాను. తల్లిదండ్రులను చూసుకోవడం పిల్లల బాధ్యతే, నేను గట్టిగా నమ్ముతాను. జబ్బు చేస్తే పక్కన కూర్చో, ఆస్పత్రికి తీసుకెళ్లు, సంపాదించాక డబ్బు పెట్టు. రాత్రిపూట తాగి ఉన్న తండ్రికి ఫోన్లో బుద్ధి చెప్పడం మాత్రం అందులోకి రాదు. ఆ సమయంలో ఆయనకు ఏదీ ఎక్కదు, తెల్లారితే గుర్తుండదు. నీకు మాత్రం నిద్ర ఉండదు, పొద్దున్నే వార్డు డ్యూటీ ఉంటుంది. వార్డులో నీ తర్వాత ఇంకొకరు వచ్చి డ్యూటీ అందుకుంటారు. ఇంట్లో నీ దగ్గర డ్యూటీ అందుకునేవాళ్లు లేరు, అందుకే నువ్వే దిగిపోవాలి.

సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు, నాన్న లేని వేళ అమ్మతో కూర్చో. ఫోన్లో వద్దు. "నాన్న కోసం రాత్రి ఫోన్ చేయకు. ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, పిలిస్తే పలకకపోయినా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లు, తర్వాత నాకు చెప్పు" అను. "జ్వరమని నేను ఎవరికీ చెప్పను, నువ్వూ మానెయ్" అను. డీ-అడిక్షన్ డాక్టరు దగ్గరికి నాన్న రాకపోయినా మొదటిసారి మీరిద్దరూ వెళ్లండి. చాలామంది మనిషి ఒప్పుకునే దాకా ఆగిపోతారు, ఇంటివాళ్లు ముందుగా వెళ్లి మాట్లాడవచ్చని వాళ్లకు తోచదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైతే, దాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో ఇంకొకావిడతో కలిసి ఆల్-అనాన్ పెట్టారు, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసమే. భర్త మానినా మానకపోయినా భార్యకూ సాయం కావాలని తన కాపురంలో చూసి తెలుసుకున్న మనిషి ఆమె. అలాంటి చోటు అందుబాటులో ఉంటే అమ్మను తీసుకెళ్లు. తన బాధ చెప్పుకోవడానికి ఆమెకు నువ్వు కాక ఇంకో మనిషి కావాలి.

సైకియాట్రిక్ నర్సింగ్ నీకు ఇష్టమైతే తీసుకో, చాలా మంచి పని అది. నాన్న కోసమైతే వద్దు. ఆయన మారకపోతే నీ చదువునే అసహ్యించుకుంటావు. నాన్నతో మాట్లాడాలనుంటే ఆయన మామూలుగా ఉన్న పొద్దుటి పూట మాట్లాడు. నువ్వు భయపడుతున్నావని ఒకసారి చెప్పు, డాక్టరు దగ్గరికి వస్తే తోడు వస్తానని చెప్పు. వాదన పెట్టుకోకు.

నువ్వు కాదన్నప్పుడు అమ్మ ఏడుస్తుంది. "చదువుకుంటే ఇంత కఠినమైపోతావనుకోలేదు" అని కూడా అనవచ్చు. అంటే అనిపించుకో, దగ్గరే కూర్చో, మాట మాత్రం మార్చకు.