టెక్ సందేహాలు: బండి కోసం యాంటీవైరస్ ఆపొచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. సెకండ్‌హ్యాండ్‌లో 2008 యమహా ఆర్6 బైక్ కొన్నాను. ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఫ్లాష్ చేస్తే, అంటే దాంట్లో కొత్త ఫైలు ఎక్కిస్తే, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లిమిట్ పెరుగుతుందట. టెలిగ్రామ్‌లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ క్రాక్ (లైసెన్సు లేకుండా నడిచే దొంగ కాపీ) దొరికింది కానీ ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?

జవాబు: వద్దు. ఇదే ప్రశ్న కారు పేరు మార్చి, బండి పేరు మార్చి వస్తూనే ఉంది, నాకు నిజంగా భయమేస్తోంది. "వైరస్ కాదు, ఊరికే అలా చూపిస్తుంది" అని గ్రూపులో ఎవరో అంటారు, అది నిజమో కాదో తేల్చుకునే దారి మీ దగ్గర లేదు. అదే లాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్, ఆఫీసు వీపీఎన్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులన్నీ ఉంటాయి. పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాములు తరచూ క్రాకుల్లోనే దాక్కుని వస్తాయి. లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) దొంగల చేతికి చిక్కాయంటే చాలాసార్లు ఓటీపీ కూడా అడగకుండానే మీ మెయిల్ తెరుచుకుంటుంది.

ఇక బండి సంగతి. 1999లో వచ్చిన తొలి ఆర్6కి 599 సీసీ ఇంజన్, నాలుగు కార్బురేటర్లు. 2003లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2006 నుంచి మాత్రం మీరు గ్రిప్ తిప్పితే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) ఎంత తెరవాలో కంప్యూటరే లెక్కగడుతుంది, మీది ఆ తర్వాతి మోడలే. ఊరూపేరూ లేని ఫైలు ఎక్కించి దాన్ని హైవే మీదికి తీసుకెళ్తారా?

ఆర్‌పీఎం అంకెల మోజు కూడా కొత్తది కాదు. ఆ 2006 మోడల్‌కి 17,500 ఆర్‌పీఎం రెడ్‌లైన్ (ఇంజన్ దాటకూడని గరిష్ఠ వేగం) అని ప్రచారం చేశారు, తీరా చూస్తే ఇంజన్ అసలు వేగం మీటర్ చూపినదానికంటే వెయ్యికి పైగా తక్కువని తేలింది, అమెరికాలో కొన్నవాళ్ల నుంచి బండ్లు వెనక్కి తీసుకుంటామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఈ తరగతిలో ఫోన్‌కి కలిసే 890 సీసీ ఆర్9 కూడా వచ్చేసింది. ఫోన్ కొంటే ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అడుగుతాం కదా, పదిహేనేళ్లు నడిపే బండికి ఆ మాట ఏ కంపెనీ అయినా కొనేముందే రాసివ్వాలి.

ఫ్లాష్ తప్పదనుకుంటే లైసెన్సున్న టూల్ వాడే డైనో షాపుకి (బండిని మెషిన్ మీద నడిపి ఇంజన్ పవర్ కొలిచే చోటుకి) వెళ్లండి, ముందు ఒరిజినల్ ఫైలు కాపీ తీయించుకోండి, పని నడుస్తున్నంతసేపూ బ్యాటరీకి ఛార్జర్ పెట్టమనండి. మధ్యలో కరెంటు తగ్గితే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు.

ఆ క్రాక్ ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసుంటే లాప్‌టాప్‌ని నెట్ నుంచి తీసేసి, వేరే డివైస్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చి, అన్ని చోట్లా లాగౌట్ కొట్టి, విండోస్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. ఆఫీసు ఐటీ వాళ్లకి ఈ రోజే చెప్పండి.