హైంకెల్ 177 కడుతున్న కార్తీక్‌కి

చిరంజీవి కార్తీక్‌కి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బాంబర్ హైంకెల్ 177 ఏ-5 బొమ్మ కట్టే కిట్, 1/72 స్కేల్ది (అసలు విమానంలో 72వ వంతు), తెప్పించావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చిన్న ఫైటర్లు వదిలి ఇంత కష్టమైన బాంబర్ మీద మనసు పడ్డావంటే నాకు చాలా గర్వంగా ఉందిరా. కానీ రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పడగ్గదిలోనే పెట్టుకుంటావట. పక్కనే దేవుడి గది, పొద్దునా సాయంత్రం దీపం! థిన్నర్ ఆవిరికి నిప్పురవ్వ చాలు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా ఉన్నన్నాళ్లూ నేను అన్నిటికంటే భయపడింది నిప్పుకే. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించు. బట్ట మాస్కు ఆవిర్లను ఆపదు, ఆవిర్లను పీల్చే ఫిల్టర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కో. ఇవి రెండూ అయ్యేదాకా పెయింట్ డబ్బా మూత తీయొద్దు.

ముక్కలు సబ్బునీళ్లతో కడగడం, గ్లూ పెట్టకముందే అమర్చి చూసుకోవడం, అతుకులు గీకడం నీకు తెలిసినవే.

నేను చెప్పాలనుకున్నది ఇంజిన్ల గురించి. బయటికి రెండే ప్రొపెల్లర్లు కనిపిస్తాయి, లోపల ఉన్నవి నాలుగు ఇంజిన్లు. గాలి నిరోధం తగ్గించాలని హైంకెల్ వాళ్లు 12 సిలిండర్ల డైమ్లర్-బెంజ్ ఇంజిన్లు రెండింటిని పక్కపక్కన జతచేసి, ఒకే ప్రొపెల్లర్‌కి కలిపారు. ఆలోచన మంచిదే. దాన్ని అమర్చిన తీరే కొంప ముంచింది. మధ్యలో పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్ వరసల పొగంతా ఒకే ఎగ్జాస్ట్‌లోకి పోయేది, అది విపరీతంగా కాలేది. కింద కౌలింగ్‌లో, అంటే ఇంజిన్ చుట్టూ ఉండే రేకు తొడుగులో, కారిన ఆయిల్, గ్రీజు పేరుకునేవి. ఇంధన పంపులు కారేవి. ఇంజిన్‌ని రెక్క దూలానికి ఆనించి బిగించారు, మధ్యలో నిప్పుని ఆపే అడ్డుగోడ, ఫైర్‌వాల్, లేదు. పైపులు, వైర్లు పండగ బస్సులో జనంలా ఇరుక్కుని ఉండేవి. లీకు ఎక్కడుందో చూద్దామంటే చెయ్యి ఎక్కడ దూరుతుంది? ఏ ఫిట్టరైనా ఆ బొమ్మ చూడగానే తల పట్టుకుంటాడు. 1939 నవంబరు 19న మొదటిసారి ఎగిరినప్పుడే ఇంజిన్లు వేడెక్కి 12 నిమిషాల్లో దింపేశారు.

పైగా 1937లో ఇంకో షరతు వచ్చి పడింది: ఇంత భారీ విమానం డైవ్ కూడా చేయాలట, అంటే ఏటవాలుగా కిందికి దూకుతూ బాంబు వేయాలట! దానికోసం బరువు పెరిగింది. నాలుగు ఇంజిన్లూ విడివిడిగా పెడతామని హైంకెల్ అడిగినా సాగలేదు. ఆ షరతును జర్మన్ వాయుసేన అధిపతి గోరింగ్ ఎత్తేసేసరికి 1942 సెప్టెంబరు వచ్చింది. ఈలోపు ఎంతమంది కుర్రాళ్లు గాల్లోనే కాలిపోయారో. ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ విమానంలో ఏ-1 తర్వాత వచ్చిన ఏ-3 రకం నుంచి ఇంజిన్లను 20 సెంటీమీటర్లు ముందుకు జరిపారు, వెనక బాడీని 1.6 మీటర్లు పొడిగించారు. నీ స్కేల్‌లో మొదటిది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, రెండోది రెండు సెంటీమీటర్లు దాటుతుంది. అందుకని ఏ-1 ఫొటోలు చూసి ఏ-5 కట్టకు. ఇంజిన్ కౌలింగ్‌లు అతికించే ముందు లోపలి సంగతి ఒకసారి కాగితం మీద గీసుకో. ఎగ్జాస్ట్ మసి ఎక్కడ పడుతుందో, ఆయిల్ మరక ఎటు జారుతుందో అప్పుడు నీకే తెలుస్తుంది. ఎవరో వేసిన మరకల్ని కాపీ కొట్టకు.

చక్రాల దగ్గర తొందరపడితే మాత్రం తిడతాను. ఒక్కో వైపు రెండు కాళ్లు, ఒకటి బయటికి, ఒకటి లోపలికి ముడుచుకుంటాయి. నాలుగు చక్రాలూ బల్లకి ఆనాలి. గ్లూ ఆరేలోపు సమంగా ఉన్న గాజుపలక మీద నిలబెట్టి చూడు.

రెక్కలు విప్పితే దాదాపు 44 సెంటీమీటర్లు వస్తుంది. షెల్ఫ్ కొలుచుకున్నావా?

కిట్‌లో రేడియోతో నడిపే హెన్షెల్ 293 బాంబు ఉంటే, తగిలించే ముందు ఒకటి గుర్తుంచుకో. 1943 నవంబరు 26న అల్జీరియా తీరంలో రోనా అనే నౌకను ముంచింది ఇలాంటి విమానం నుంచి వదిలిన ఇలాంటి బాంబే. వెయ్యిమందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. ఆ నౌక బ్రిటిష్ ఇండియా కంపెనీది, అందులో పనిచేసే మన భారతీయ ఖలాసీలూ ఎందరో పోయారు. ఒరానియన్‌బుర్గ్‌లోని హైంకెల్ ఫ్యాక్టరీలో ఈ విమానాల కోసం జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించారు. నువ్వు దీన్ని కట్టొద్దని అనను. చూడ్డానికి వచ్చిన ప్రతి పిల్లాడికీ ఈ రెండు సంగతులూ నీ నోటితో చెప్పు. పేరు చీటీ మీద కూడా రాయి. తోక మీది నాజీ గుర్తు లేకపోతే వెతికి మరీ అతికించకు. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో బ్రిటిష్ వాళ్లు పరీక్షించిన, పట్టుబడ్డ ఏ-5 రంగులు వేస్తే నాకు ఇంకా ఇష్టం.

కళ్లు నొప్పెడితే ఆపెయ్యి, నాన్నా. రాత్రి పదకొండు దాటాక బ్లేడు ముట్టుకోకు. మాస్కుకి డబ్బు మీ అమ్మకి పంపుతున్నాను, దాంతో ఇంకో కిట్ కొనకు. ఫ్యాన్ బిగించాక ఫొటో పంపు, అది చూశాకే నాకు నిద్ర పడుతుంది.

మీ పెదనాన్న